అద్దాల గదిలో ఓక్ మొక్కలు

పెళ్ళికి ముందు నేను చెట్లను తూచేదాన్ని. వినేవాళ్ళకు నవ్వొచ్చేది గానీ నా పరిశోధన అదే. హిమాలయాల్లో కుమావూ కొండల మీద ఓక్ అడవులున్నాయి. అక్కడివాళ్ళు ఆ చెట్టును బాంజ్ అంటారు. ఒక కొండవాలు మీద ఎంత అడవి ఉందో బరువులో చెప్పాలంటే మానుల చుట్టుకొలతలు తీసి లెక్క కడతాం. ఆ లెక్క నిజమో కాదో తేల్చుకోవాలంటే మాత్రం కొన్ని చెట్లను పడగొట్టక తప్పదు. మాను, కొమ్మలు, ఆకులు, తవ్వి తీసిన వేళ్ళు దేనికది విడదీసి, ఆరబెట్టి, కాటా మీద పెట్టాలి. అడవి ఎంత బతికి ఉందో తెలుసుకోవడానికి అందులో కొంత చంపేవాళ్ళం.

పెద్ద చెట్ల కింద పిల్లమొక్కలు ఎందుకు నిలవడం లేదన్నది నా రెండో ప్రశ్న. కాయలు బాగానే రాలేవి. వానల్లో మొలకెత్తేవి కూడా. ఆ తర్వాత మేకలు కొరికేవి, పశువుల మేతకోసం ఆడవాళ్ళ కొడవళ్ళు కోసేవి, పక్కనున్న సూదాకుల చీడ్ పైన్ అడవిలోంచి మంట పాకి వచ్చి మాడ్చేది. అయినా వాటిలో చాలా మొక్కలు మొదట్లోంచి మళ్ళీ చిగురు వేసేవి. తవ్వి చూస్తే పైన జానెడు మొక్కకు కింద మూరెడు వేరు. బరువంతా నేల కిందే. నా పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసరు పదే పదే చెప్పేవాడు, ఓక్ మొక్క వయసు ఆకును చూసి చెప్పకూడదని.

థీసిస్ ఇచ్చేశాక పెళ్ళయింది. మావారు దోహాలో సివిల్ ఇంజనీరు. అల్ హిలాల్‌లో అద్దె ఫ్లాట్. బాల్కనీలో కరివేపాకు కుండీ తప్ప నా చదువుకు అక్కడ పనేమీ లేదు. తొంభైల మధ్యలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మావారికి తెలిసినాయన ఒకరు భోజనానికి వచ్చారు. హైదరాబాదు మనిషి. తోటలు వేసే కంపెనీలో మేనేజరు. కలుపుగోలు మనిషి, పప్పు రెండుసార్లు వడ్డించుకుని మెచ్చుకున్నాడు. నా చదువు గురించి వినగానే చెయ్యి కడుక్కోకుండానే కుర్చీలో వెనక్కి వాలాడు.

"చెల్లె, నువ్వు దొరికినవంటే నాకు దేవుడు దొరికినట్టే. ముఐథర్‌ల ఒక షేక్ సాబ్ ఉన్నడు. ఎండకాలం ఏదో కొండల దేశం పోతడు. అక్కడి చెట్లు ఇక్కడ ఇంట్ల కావాలంటుండు. ఓక్ చెట్లే. గీ ఎడారిల ఎట్ల బతికియ్యాలె?"

"బతకవు" అన్నాను.

"ఏసీల పెడితే?"

అప్పటికే పెట్టారు. ఆ ఇంటి వెనక వాకిట్లో పెద్ద అద్దాల గది కట్టారు. పైన ఆకుపచ్చ వల, బయట ఇనప చట్రాల మీద కూలర్లంత కాదు, లారీ ఇంజన్లంత ఏసీ యంత్రాలు. లోపల చెక్క తొట్లలో కొండ మట్టితో సహా తెచ్చిన నడుమెత్తు ఓక్ మొక్కలు. నా కుమావూ బాంజ్ కాదు, దాని దాయాది ఏదో. ఆకు అంచులు వేరు. అయినా లోపలికి అడుగు పెట్టగానే మా కొండల తడి ఆకుల కుప్ప వాసన తగిలింది. పని ఒప్పుకున్నాను.

నన్ను తీసుకెళ్ళి తీసుకురావడానికి ఆ ఇంటి డ్రైవరు వచ్చేవాడు. తూర్పు గోదావరి మనిషి, మాటకు ముందూ వెనకా "ఆయ్" అంటాడు. మొక్కల దగ్గర ఉండే తోటపనివాడు కడప జిల్లావాడు. నలభై దాటిన వయసు, మెలి తిప్పిన మీసం. ఊళ్ళో మేకలు కాసేవాడు. ఇక్కడ కంపెనీ వాడే గానీ ఆ ఇంట్లోనే మకాం. ప్రహరీ గోడకానించి వేసిన రేకుల గది అతనిది. అందులో ఒక ఫ్యాను తిరిగేది, వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతూ.

అతనికి ఆ మొక్కలంటే ఒళ్ళుమంట. దాచుకునేవాడు కాదు.

"ఏంది మేడమ్మా ఇది? కట్టెపుల్లలకు ఏసీ, నాకు ఫ్యానా? మా మేకల్ని రెండింటిని ఈడికి తోలినానంటే పొద్దు గూకే లోపల పుల్ల కూడా మిగల్దు."

"మేకలు తిన్నా మళ్ళీ చిగురేస్తాయి అన్నా. మా కొండల్లో చూశాను."

"మళ్ళా తింటాయి. మా మేకల సంగతి నీకు తెల్దు."

గొప్పలు బాగా చెప్పేవాడు. చిన్నప్పుడు చిరుతపులిని కర్రతో తరిమానని ఒకసారి, రాళ్ళతో తరిమానని ఇంకోసారి చెప్పాడు. నేను ఎత్తి చూపితే, "ఆ పులి వేరే, ఈ పులి వేరే" అని మీసం దువ్వాడు. కానీ పని శ్రద్ధగానే చేసేవాడు. నేను చెప్పినట్టు రాలిన ఆకుల్ని ఊడ్చెయ్యకుండా మొదళ్ళలోనే కప్పేవాడు, తొట్టి అడుగున తడి ఎంత ఉందో వేలు పెట్టి చూసేవాడు.

జూన్ వచ్చాక అతను మధ్యాహ్నాలు అద్దాల గదిలో తొట్ల మధ్య తువ్వాలు పరుచుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. నాకు తెలుసు. మొక్కలకు దానివల్ల ఏ నష్టమూ లేదు. ఒకరోజు మేనేజరు చెప్పకుండా వచ్చి, నిద్రపోతున్న అతన్ని బూటుతో కదిపి లేపాడు. నేను అక్కడే ఉన్నాను.

"షేక్ సాబ్ చెట్లకు పెట్టిండురా ఏసీ. నీ అయ్యకు పెట్టలే."

"మనుషులు ఉంటే మొక్కలకేం కాదు" అన్నాను నేను. "మన ఊపిరి వాటికి మేలే."

మేనేజరు హాయిగా నవ్వాడు. "గట్లయితె లేబర్ క్యాంప్ మొత్తం తెచ్చి ఇండ్ల పండబెడతనా చెల్లె?" అని, అతని వైపు తిరిగి, "ఇంకోసారి కండ్ల బడితె ఇండస్ట్రియల్ ఏరియాకు తోల్త. గుంతలు తవ్వుతవ్" అన్నాడు. తువ్వాలు తీసి వాకిట్లోకి విసిరాడు. తోటపనివాడు వెళ్ళి దాన్ని దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ సాయంత్రం నా వైపు చూడకుండానే తొట్లకు నీళ్ళు పెట్టాడు. అతను అవమానపడినప్పుడు నేను చూశానన్నదే అతనికి ఎక్కువ బాధ అనుకుంటాను.

ఆగస్టులో ఒక ఉదయం డ్రైవరు ఫోన్ చేశాడు.

"మేడమ్ గారండీ, ఏసీలాగిపోయినియ్యండి. ఏదో కాలిన కంపు కొడతంది. అద్దాల గది పొయ్యిలాగుందండి."

నేను వెంటనే మేనేజరు ఆఫీసుకు ఫోన్ చేశాను. ఏం చెయ్యాలో వివరంగా చెప్పాను. రెండు వైపులా తలుపులు బార్లా తెరవండి, వల మీద ఇంకో వల వెయ్యండి, మొదళ్ళకు నీళ్ళు పెట్టి వదిలెయ్యండి. ఆకులు మాడిపోతాయి, మాడనివ్వండి. వేరు బతుకుతుంది, చలికాలానికి మళ్ళీ వస్తాయి. ఇవి అలాంటి చెట్లు.

"ఆకులు పోతె షేక్ సాబ్‌కు ఏం చూపియ్యాలె? ఈ వారం చుట్టాలను తోల్కొస్తుండు."

"ఆకుల్ని ఎలాగూ ఆపలేరు. నీళ్ళు చల్లినా లాభం లేదు."

"సరే చెల్లె, సరే. నువ్వు పరేషాన్ గాకు. మెకానిక్‌ను పంపిస్తున్న."

కారు పంపమంటే, డ్రైవరు షేక్ ఇంటి ఆడవాళ్ళను బజారుకు తీసుకెళ్ళాడని చెప్పారు. అతను వచ్చి నన్ను ఎక్కించుకునేసరికి మధ్యాహ్నం నమాజు కూడా అయిపోయింది. ముఐథర్ చేరి వెనక వాకిట్లోకి వెళితే అద్దాల గది తలుపులు మూసే ఉన్నాయి. అద్దాలన్నీ లోపలి నుంచి ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి. లోపల నీళ్ళ పైపు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

తలుపు లాగితే అన్నం గిన్నె మూత తీసినట్టు ముఖానికి ఆవిరి కొట్టింది. తోటపనివాడు తొట్ల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. ఒంటి నిండా నీళ్ళే, అయినా చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. నాలుకతో టక్కు టక్కుమని చప్పుడు చేస్తున్నాడు, మేకల్ని అదిలించినట్టు. ఆకులన్నీ మాడి, గోధుమరంగులో ముడుచుకుపోయాయి.

డ్రైవరూ నేనూ చెరో భుజం పట్టి బయట నీడలోకి ఈడ్చుకొచ్చాం. పైపు తెచ్చి నీళ్ళు పోస్తుంటే మేనేజరు మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. మా పక్కనుంచే లోపలికి వెళ్ళాడు. ఒక ఆకు తెంపి వేళ్ళతో నలిపాడు, పొడి అయింది.

"పోయినయి" అన్నాడు.

"ఇటు చూడండి! మనిషి పోయేట్టున్నాడు!" అని అరిచాను.

"వాడు లేస్తడు లే. ఎండల పుట్టినోడే గద."

నేను తలుపులు తెరవమన్నాను కదా అంటే, వేడిగాలి తగిలితే ఆకులు పోతాయని మూయించానన్నాడు. మెకానిక్ వచ్చేదాకా లోపలే ఉండి ఆకుల మీద నీళ్ళు చల్లుతూనే ఉండమని తోటపనివాడికి చెప్పాడట. తలుపులకు తాళం లేదు. ఆ మాట చాలాసార్లు గుర్తుచేశాడు ఆ తర్వాత, తాళం లేదు గద, రావొద్దని ఎవరన్నరు అని. నీళ్ళు చల్లిన కొద్దీ ఆ మూసిన గదిలో ఆవిరి నిండి, ఒంటి చెమట ఆరే దారి కూడా లేకుండా పోయిందని అతనికి నేను చెప్పలేదు. చెప్పినా వినే ముఖం కాదు.

అంబులెన్సు కోసం ఆగకుండా డ్రైవరు తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ప్రాణం నిలిచింది. స్పృహ వచ్చాక మాట ముద్దముద్దగా వచ్చింది, లేచి నిలబడితే కాళ్ళు రెండూ రెండు దార్లు పట్టాయి. నడకనూ మాటనూ అదుపులో ఉంచే చోట మెదడుకు దెబ్బ తగిలిందనీ, కొంత తగ్గొచ్చు, కొంత ఉండిపోవచ్చుననీ డాక్టరు చెప్పాడు. గొట్టాలు అంటించడానికి మీసం గీసేశారు. పై పెదవి తెల్లగా, పరాయి మనిషిదిలా ఉంది.

"బయటికి ఎందుకు రాలేదు అన్నా?" అని అడిగాను.

చాలాసేపు పెదాలు కూడదీసుకున్నాడు. "వొచ్చే... వొచ్చేస్తే... ఇంటికి పంపిస్తానన్నె."

వాళ్ళు అతన్ని ఇంటికే పంపించారు. నడవలేనివాడితో పనేముంది? కంపెనీ చెప్పుకున్న కథ డ్రైవరు ద్వారా నాకు తెలిసింది. వద్దన్నా వినకుండా ఏసీ గదిలో పడుకునే అలవాటున్న మనిషి, ఆ రోజూ పడుకున్నాడు, నిద్రలో ఉండగా ఏసీ ఆగిపోయింది. జూన్‌లో అతన్ని బూటుతో లేపడం చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అందరూ నమ్మారు. కంపెనీ అన్నీ మర్యాదగానే చేసింది. విమానాశ్రయంలో అతన్ని చక్రాల కుర్చీలో తోసుకెళ్ళారు. ఒళ్ళో ఎవరో పెట్టిన టాంగ్ డబ్బా, నిడో పాలపొడి డబ్బా ఉన్నాయి. నేను చెయ్యి ఊపితే అతనూ ఊపబోయాడు. చెయ్యి వెళ్ళి తన చెవికే తగిలింది. పక్కన నిలబడిన ఇద్దరు నవ్వారు.

ఇంటికి వచ్చి మావారికి అంతా చెప్పాను. ఆయన విని, "మా సైట్లో తోటలు వేసేది కూడా వాళ్ళ కంపెనీయే. ఇప్పుడు మనం మాట్లాడితే ఏమొస్తుంది? మనకెందుకు?" అన్నారు. చెడ్డగా అనలేదు. అలసిపోయి అన్నారు.

అక్టోబరు చివర ఎండ తగ్గాక మొక్కలు చిగురు వేశాయి. మాడిన కాడల మొదట్లో, మట్టిని ఆనుకుని, ఎర్రటి మొగ్గలు. తర్వాత ఒక్కో మొదలు నుంచి గుత్తులుగా చిగుళ్ళు. కొండల మీద ఎన్నిసార్లో చూసినదే. అక్కడైతే సంతోషంతో అరిచేదాన్ని. ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుని చూస్తుంటే, వచ్చి తీరుతాయని నేను చెప్పిన ఆకుల కోసం ఆ మనిషిని ఉడికించారన్నది తప్ప ఇంకేం తోచలేదు.

షేక్ చూడటానికి వచ్చాడు. నేను ఆయన్ని దగ్గరగా చూడటం అదే మొదలు. ముసలాయన. చేతిలో తస్బీ జపమాల. కష్టంగా వంగి, ఒక చిగురును వేలి కొసతో ముట్టుకుని, అలాగే కాసేపు ఉండిపోయాడు. నిజంగానే ఆ మొక్కలంటే ప్రేమ ఉన్న మనిషి. ఈయనకు తెలిస్తే ఊరుకోడనిపించింది. మేనేజరు ఆ రోజు రాలేదు. డ్రైవరు పక్కనే ఉన్నాడు.

"నేను చెప్పేది అరబ్బీలో చెప్పు" అన్నాను. "ఈ ఆకులు ఎలాగూ మళ్ళీ వచ్చేవే. వాటిని కాపాడాలని మనిషిని లోపల పెట్టి తలుపు మూశారు. అతను ఇప్పుడు నడవలేడు. నిద్రపోయాడన్నది అబద్ధం. ఇది చెప్పు."

డ్రైవరు చేతులు కట్టుకుని, తల వంచి, చాలా మాటలే చెప్పాడు. షేక్ నా వైపు తిరిగి గుండెల మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. "మాషా అల్లా, మాషా అల్లా" అన్నాడు. నాకు నీళ్ళు, మొక్క, రేపు లాంటి మాటలు తప్ప అరబ్బీ రాదు. కానీ అలాంటి కబురు విన్న మనిషి అలా నవ్వడని తెలుసు.

కారులో అడిగాను, ఏం చెప్పావని. డ్రైవరు అద్దంలోకి చూడలేదు.

"మొక్కలు బాగున్నాయండి, మీరు చాలా సంతోషపడతన్నారని చెప్పానండి."

"ఎందుకు?"

"ఆయ్, మీరు ఇయ్యాల మానేసినా మీ ఆయనగారున్నారండి. నాకెవరున్నారు? మీరన్న మాట నా నోటితో అంటే ఎల్లుండి నేనూ ఆ కుర్చీలోనే కూర్చుని ఎల్లాలి. ఆడినైతే నేనే మోసుకెళ్ళానండి ఆసుపత్రికి. మీరు చూశారు. అంతకంటే నావల్ల కాదండి."

కారు అల్ హిలాల్ చేరింది. దిగేటప్పుడు అతను తలుపు తీశాడు, ఎప్పటికంటే ఎక్కువ వినయంగా.

నేను మర్నాడే మేనేజరుకు మానేస్తున్నానని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను, ముఖం మీదే. అతనికి కోపం రాలేదు.

"మంచిది చెల్లె. చిగుర్లు వచ్చినయి గద, ఇగ నీతోటి పనేముంది?" అన్నాడు. పోతూ పోతూ మావారిని అడిగానని చెప్పమన్నాడు.

ఆ మొక్కలు ఎంత కాలం ఉన్నాయంటే, మరుసటి ఎండాకాలం దాకా. షేక్‌కు జబ్బు చేసి వైద్యానికి విదేశం వెళ్ళాడు. ఇంట్లో ఎవరికీ వాటి గోల పట్టలేదు. ఏసీలు ఆపేశారు, నీళ్ళు పెట్టేవాడు లేడు. నేల తడి ఉంటే వేరు ఎన్ని ఎండలైనా తట్టుకుంటుంది గానీ, చెక్క తొట్టిలో వేరు ఎక్కడికి పోతుంది? గదిని తర్వాత పాత సోఫాలు పెట్టుకోవడానికి వాడుకుంటున్నారని డ్రైవరు చెప్పాడు.

ఆ కబురుతో పాటే ఇంకోటి తెచ్చాడు. కడప జిల్లాలో ఒక పల్లె ఎస్టీడీ బూత్ నంబరు. తోటపనివాడి భార్య నాతో మాట్లాడాలంటోందట, శుక్రవారం సాయంత్రం అక్కడ ఉంటుందట.

ఫోన్ చేశాను. ఆవిడ గొంతు గట్టిది, ఏడుపు గొంతు కాదు.

"మేడమ్మా, ఈయప్ప తూలుతా నడుస్తాడు, మాట మత్తుగా వొస్తాది. ఊళ్ళో అందరూ దుబాయ్‌లో తాగుడు నేర్చుకోని వొచ్చినాడంటాండారు. మా యన్న గూడా అట్లే అంటాండాడు. పిల్లోళ్ళు ఎనకాల పడి రాళ్ళేస్తాండారు. తాగలేదని నువ్వు ఒక్క మాట చెప్పు తల్లీ. అందర్నీ ఈడికే పిలిపించినా."

ఆవిడ అన్న ఫోన్ తీసుకున్నాడు. చుట్టూ మనుషులున్నట్టు వినిపిస్తోంది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. చెట్లు, అద్దాల గది, ఏసీ ఆగిపోవడం, ఆవిరి. అతను మధ్యలో ఆపి, వెనకవాళ్ళకు ఒక్కో ముక్కా వినిపించాడు.

"చెట్లకు ఏసీనంట!" అన్నాడు. బూత్ అంతా నవ్వింది.

"అవి కాయలు కాస్తాయా మేడం?"

"తినే కాయలు కావు."

మళ్ళీ నవ్వు. ఎవరో, "ఈమె గూడా ఆ కంపెనీ మనిషే, కతలు చెప్తాండాది" అనడం స్పష్టంగా వినిపించింది. చివరికి భార్య ఫోన్ తీసుకుని మెల్లగా అంది, "ఏదన్నా మనుషులు నమ్మేది చెప్పింటే బాగుండె మేడమ్మా."

ఆ తర్వాతి శుక్రవారం ఫోన్ నేను చెయ్యలేదు, మావారు చేశారు. మనుషులు నమ్మేది ఏదైనా చెప్పమని నేను అడిగితే, సరే అన్నారు. గొంతు సవరించుకుని, ఆవిడ అన్నతో తాను కంపెనీ ఇంజనీరునని చెప్పారు. మీ బావ బిల్డింగు పని మీద ఉండగా మూడో అంతస్తు నుంచి పడ్డాడు, తలకు దెబ్బ తగిలింది, మనిషి చుక్క ముట్టడు, చాలా మంచి పనివాడు అన్నారు. మావారు అంత చక్కగా అబద్ధం చెప్పగలరని నాకు అప్పుడే తెలిసింది.

నేను ఫోనుకు చెవి ఆనించి విన్నాను. బూత్‌లో నవ్వు లేదు. ఎవరో అయ్యో అన్నారు. వెనకాల ఎక్కడో ముద్దముద్దగా, తొందర తొందరగా ఒక గొంతు ఏదో చెప్పబోతోంది. ఎవరో దాన్ని ఊరుకోబెడుతున్నారు.

"తలకాయకు దెబ్బ తగిలిందని ఇప్పుడు తెలిసె సార్" అన్నాడు బావమరిది, గౌరవంగా. "అందుకేనేమో, వొచ్చినప్పట్నుంచీ చెట్లు, ఏసీ అని ఏందేందో మాట్లాడతాండె."